కాకికాలు కుట్టు

పోయిన వారం బుల్లిని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? పరాయి దేశంలో, మ్యూజియం కింది అంతస్తులో, పాత బట్టలు బాగుచేసే గదిలో, పొడవాటి బల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం పాపం. బల్ల మీద ఇటుక రంగు ఉన్ని శాలువా. బల్లకి అవతల భూతద్దం మేడమ్. "పురుగు కొట్టిన చిల్లు బాగుచేశానన్నావు, ఏదీ?" అని మేడమ్ అడిగితే, బుల్లి మురిసిపోయి, "కనిపెట్టండి చూద్దాం!" అనేసింది. అన్న మరుక్షణం మేడమ్ మొహం చూసింది. ఎందుకన్నానా అనుకుంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బుల్లి డిగ్రీలో చరిత్ర చదువుతోంది. కాలేజీ రికార్డుల్లో ఆమెకి బారెడు పేరుంది కానీ, ఇంట్లో ఎవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. వాళ్ళమ్మది రఫూ పని. చిరిగిన చోట, కాలిన చోట, పురుగు కొట్టిన చోట పోగు పోగూ మళ్ళీ అల్లి, అసలక్కడ ఏమీ జరగనట్టు చేసిపెట్టడం. నాన్న అదే దుకాణంలో ఇస్త్రీ చేస్తాడు. వేసవి సెలవుల్లో పరాయి దేశపు మ్యూజియంలో పాత బట్టల్ని కాపాడే చదువు చెబుతారని తెలిసి కాలేజీలో చాలామంది పోటీ పడితే, నెగ్గింది బుల్లి. సూది పట్టిన చెయ్యి కదా, అక్కడ తనకి ఎదురే ఉండదనుకుంది. మొన్నటిదాకా లేదు కూడా.

మేడమ్‌కి భూతద్దం అని పేరు పెట్టింది కూడా బుల్లే. నల్లతాడుకి కట్టిన భూతద్దం ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. భోజనానికి వెళ్ళినా తియ్యదు. తోటి విద్యార్థులకి ఆ తెలుగు మాట నోరు తిరక్కపోయినా, తంటాలు పడి మరీ నేర్చుకున్నారు.

ఇప్పుడు మేడమ్ ఆ భూతద్దం కంటికి ఆనించుకుని శాలువా మీదికి వంగింది. పక్కన చిల్లు ఫొటో ఉంది. తీగ ముగ్గు పక్కన, బొటనవేలి గోరంత చిల్లు. చోటు తెలుస్తూనే ఉంది, చిల్లు మాత్రం లేదు. పడుగు పోగులు నిలువుగా, పేక పోగులు అడ్డంగా, మిగతా శాలువా ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది. మేడమ్ గదిలో దీపాలు ఆర్పించి, ఊదారంగు లైటు పట్టింది. ఆ లైటుకింద కొత్త దారం తెల్లగా మెరవాలి. ఏమీ మెరవలేదు.

"దేవుడా!" అంది బుల్లి పక్క మంచం అమ్మాయి. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. కాళ్ళకి మంచం సరిపోనంత మనిషి కాబట్టి ఆమెని అందరూ పొడుగమ్మాయి అంటారు. సంబరం పట్టలేక ఈల కూడా వేసింది.

"దారం ఎక్కడిది?" అంది మేడమ్.

"దీందే మేడమ్. అంచు మడతలోంచి లాగాను. అక్కడ ఎవరికీ కనపడదు."

ఈల సగంలో ఆగిపోయింది. బల్ల చుట్టూ మూగినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో బుల్లికి అర్థం కాలేదు. అమ్మ దగ్గర తను నేర్చుకున్న మొదటి పాఠమే అది. బజారు దారం ఎంత మంచిదైనా రంగు ఎక్కడో తేడా కొడుతుంది, ఏ బట్ట చిరిగితే ఆ బట్టలోంచే దారం తియ్యి అని అమ్మ వందసార్లు చెప్పింది.

మేడమ్ దీపాలు వేయించింది. "మీరంతా టీ తాగి రండి" అంది. మీరంతా అన్నదాంట్లో బుల్లి లేదని అందరికీ తెలిసిపోయింది. పొడుగమ్మాయి వెళ్తూ వెళ్తూ బుల్లి భుజం నొక్కింది.

"కూర్చో" అంది మేడమ్. "మొదటిరోజు నేనో రెండు మాటలు చెప్పాను. ఏంటవి?"

"మనం వేసిన కుట్టు దగ్గరికొచ్చి చూసేవాళ్ళకి తెలియాలి. ఎప్పుడైనా విప్పడానికి వీలుగా ఉండాలి."

"గుర్తుందన్నమాట. మరి?"

బుల్లి నిజం చెప్పేసింది. నిజం చెప్పడం తప్ప ఆ పూట ఆమెకి ఇంకేమీ తోచలేదు. "కుట్టు సరిగ్గా రానివాళ్ళ కోసం పెట్టిన నియమం అనుకున్నాను మేడమ్."

మేడమ్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, చాలా మెల్లగా అంది. "నీ చేతిలాంటి చెయ్యి నేను చూడలేదు. కానీ నువ్వేం చేశావో తెలుసా? దీని ఒంట్లోంచే దారం పీకి, దీని చేతే అబద్ధం చెప్పించావు."

బుల్లికి చురుక్కుమంది. తనని ఏమన్నా పడేదే. ఆ మాట మాత్రం గదిలో ఆగకుండా సముద్రాలు దాటి, దుకాణంలో మెడ వంచి కూర్చున్న అమ్మకి తగిలినట్టయింది.

"మా అమ్మ చేసే పని ఇదే మేడమ్. మా అమ్మమ్మ చేసిందీ ఇదే. మా అమ్మ అబద్ధమాడి ఎరగదు."

ఇది పూర్తిగా నిజం కాదనుకోండి. నాన్నకి ఇష్టం లేని బంధువులు ఫోన్ చేస్తే, ఆయన పక్కనే ఉండగా, "లేరండీ, బయటికెళ్ళారు" అని అమ్మ చాలాసార్లు చెప్పింది. అయినా ఇప్పుడు ఆ సంగతి ఎందుకు?

"మీ అమ్మగారి పనిని నేనేమీ అనడం లేదు" అంది మేడమ్. "కోటు కాలితే మీ అమ్మగారి దగ్గరికి తెచ్చినవాడికి, కాలిన సంగతి మర్చిపోయి ఆ కోటు మళ్ళీ వేసుకోవాలని ఉంటుంది. ఆవిడ ఆ సాయం చేస్తారు. ఈ శాలువా ఇక ఎవరూ కప్పుకోరు. దీన్ని ఎవరు వాడారు, ఎక్కడ అరిగింది, ఎవరు బాగుచేశారు, అదంతా తెలుసుకోడానికే దీన్ని దాచాం. మన తర్వాత ఎవరో వచ్చి నీ కుట్టు చూసి, ఇది మొదట్నుంచీ ఇలాగే ఉందనుకుంటారు. అంచులో పోగులు లేకపోతే ఎవరో దొంగిలించారనుకుంటారు. నువ్వు దీన్ని బాగుచెయ్యలేదు. దీనికి జరిగింది చెరిపేశావు."

మేడమ్ చెప్పింది బుల్లికి మెల్లమెల్లగా బుర్రకెక్కింది. చరిత్ర చదివే పిల్ల కదా. ఎవరైనా పాత రాతని తుడిచేసి పైన అందంగా రాస్తే తను ఊరుకుంటుందా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శాలువా మీద పడకుండా ముందు కుర్చీ వెనక్కి జరుపుకుంది. అది మేడమ్ కంటపడింది.

"రేపు పొద్దున్న దీన్ని పైన ప్రదర్శన గదికి తీసుకెళ్తారు" అంది మేడమ్, గొంతు కాస్త తగ్గించి. "సాయంత్రంలోగా నీ కుట్టు నువ్వే విప్పు. తీసిన పోగులు కవర్లో పెట్టు. మళ్ళీ మన పద్ధతిలో కుట్టు. ఒక్కటి గుర్తుంచుకో, ఒరిజినల్ పోగు ఒక్కటి తెగినా ఒప్పుకోను. విప్పలేకపోతే జరిగింది నేను పై వాళ్ళకి చెప్పాలి. చెబితే నిన్ను ఈ గదిలోకి రానివ్వరు. చదువు ఇక్కడితో ఆగిపోతుంది."

"విప్పుతాను మేడమ్" అంది బుల్లి. తన కుట్టు తను విప్పడం ఎంతసేపు అనుకుంది.

అనుకోవడం తేలికే. సూదిమొన పట్టుకుని శాలువా మీదికి వంగాక తెలిసింది అసలు కష్టం. ఇది తను అల్లిన పోగా, ఎప్పుడో నేతగాడు నేసిన పోగా? రెండూ ఒకే రంగు, ఒకే వయసు, ఒకే మందం. ఒకటి కదిపి చూద్దామంటే, అది పాతదైతే? తెగితే? సూదిమొన గాల్లోనే ఉండిపోయింది. ఎంత బాగా దాచానా అని నిన్న తనని తాను మెచ్చుకున్న పిల్లకి, ఇవాళ తన చేతిపనే అంతుపట్టలేదు. వెనకవైపు తిప్పి చూసింది. శాలువా వెనక ఎవరో ఎప్పుడో తెల్లటి పల్చని గుడ్డ అస్తరుగా కుట్టారు. నిన్న తను పైవైపునుంచే అల్లింది కాబట్టి, వెనకనుంచి చూసే దారీ లేదు.

పొడుగమ్మాయి తలుపులోంచి తొంగిచూసింది. "దొరికిందా?"

"నా తలకాయ దొరికింది" అంది బుల్లి తెలుగులోనే.

పొడుగమ్మాయికి మాట అర్థం కాకపోయినా భావం అర్థమైంది. "మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అంది. "నాకు ఏమీ తోచకపోతే నేను అదే చేస్తాను. మా అమ్మకి కుట్టు రాదు, అయినా పనిచేస్తుంది."

ఫోన్లు గదిలోకి తేకూడదు. నడవాలో ఎవరి అర వాళ్ళకుంది, అక్కడే పెట్టి రావాలి. బుల్లి నడవాలోకెళ్ళి ఫోన్ తీసింది కానీ, నొక్కడానికి చెయ్యి రాలేదు. నిన్ననేగా గొప్పలు పోయింది, "నువ్వు చూసినా కనిపెట్టలేవమ్మా" అని? అమ్మ పైకి "సర్లే, గొప్పే" అని ఊరుకుంది గానీ, దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే కథ వినిపిస్తోందనీ, పాలవాడికి రెండుసార్లు చెప్పిందనీ నాన్న మెసేజ్ పెట్టాడు.

చివరికి నొక్కింది. అక్కడ సాయంత్రం. తెర మీద ముందు దుకాణం పైకప్పు, తర్వాత అమ్మ చెవి, ఆ తర్వాత అమ్మ.

"బుల్లీ! తిన్నావా?"

"అమ్మా, నా కుట్టు విప్పమంటున్నారు."

"అయ్యో, ఎందుకూ? కనపడిందా?"

"కనపడలేదనే విప్పమంటున్నారు."

అమ్మ కాసేపు తెరలోకి చూసింది. "వాళ్ళకి మతి గానీ పోయిందా?"

"ఏమైందే?" అని వెనకనుంచి నాన్న గొంతు.

"మీరుండండి, అక్కడ చొక్కా మాడుతుంది. నువ్వు చెప్పమ్మా."

బుల్లి చెప్పింది. దారం సంగతి, మేడమ్ అన్న మాటలు, విప్పకపోతే ఏమవుతుందో అంతా చెప్పింది. అబద్ధం అన్న మాట ఒక్కటి మింగేద్దామనుకుంది, కానీ అమ్మ మొహం చూస్తూ మింగలేకపోయింది. అమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"అయితే ఇన్నేళ్ళూ నేను చేసింది తప్పంటావా?" అంది అమ్మ. కోపంగా అనుంటే బాగుండేది. అమ్మ నిజంగానే అడిగింది.

"కాదమ్మా. నీ పని నీ చోట ఒప్పే. నీ దగ్గరికి వచ్చేవాళ్ళు మళ్ళీ వేసుకోడానికి తెస్తారు. ఇదెవరూ కప్పుకోరు. దీనికేం జరిగిందో తర్వాతివాళ్ళకి తెలియాలి. నేను తెలియకుండా చేశాను."

అమ్మ ఆలోచించింది. "డాక్టరు దగ్గర పాత దెబ్బ దాచకూడదు, అలాగన్నమాట."

"అంతే! అంతేనమ్మా!" బుల్లికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంత చదువూ చదివి తను పొద్దున్నుంచీ తన్నుకులాడింది అమ్మకి ఇట్టే అందినందుకు ఎంత సంతోషమేసిందో.

"అయితే విప్పెయ్యి మరి, ఏడుస్తావేం?"

"ఏ పోగు నాదో నాకే తెలియడం లేదు. నువ్వైతే ఏం చేస్తావు? ఎప్పుడో నువ్వు చేసిన రఫూ మళ్ళీ వస్తే, నీదని ఎలా కనిపెడతావు?"

"నాకు తెలుస్తుందిలే."

"అదే, ఎలా?"

అమ్మ తల దించుకుని దారం సర్దుకోసాగింది. వెనక ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది. "చెప్పెయ్యరాదూ? ఇంకెన్నాళ్ళు దాస్తావు?" అన్నాడు నాన్న. ఈసారి అమ్మ ఆయన్ని ఉండమనలేదు.

"వెనకవైపు గుర్తు పెడతాను" అంది అమ్మ. "కుట్టు ముగిసిన చోట. కాకికాలంటారు దాన్ని. ఒక కాలు, దానికి వేళ్ళు. నువ్వుగింజంత ఉంటుంది. పైనుంచి ఎవరికీ కనపడదు. తిప్పి చూస్తే, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. అక్కడ పట్టుకుని లాగితే రఫూ అంతా విడిపోతుంది. మీ అమ్మమ్మ కాకికాలుకి మూడు వేళ్ళు. నాదానికి నాలుగు. నేర్చుకున్నవాళ్ళు నేర్పినవాళ్ళకంటే ఒక వేలు ఎక్కువ పెట్టుకోవాలి."

"నేను చిన్నప్పట్నుంచీ నీ పక్కన కూర్చునే నేర్చుకున్నానుగా. ఎప్పుడూ చూడలేదే?"

"నువ్వు చూస్తుండగా వెయ్యలేదు."

బుల్లికి అప్పుడు గుర్తొచ్చింది. తను ఏ రఫూ చేసినా, ఇక రెండు కుట్లలో అయిపోతుందనగా అమ్మ చెయ్యి చాపి, "ఇటివ్వు, నేను చూస్తా" అని లాక్కునేది. తన పని మీద అమ్మకి నమ్మకం లేదనుకుని ఎన్నిసార్లు మూతి ముడుచుకుందో లెక్కలేదు. ఎదురు మాట్లాడి అలిగి అన్నం మానేసిన రోజులూ ఉన్నాయి.

"నాకెందుకు నేర్పలేదమ్మా?"

"అది ఈ పనిలో ఉండిపోయేవాళ్ళకి నేర్పేది" అంది అమ్మ. "నువ్వు ఉండిపోకూడదనుకున్నా. నా మెడ చూశావుగా, నా కళ్ళు చూశావుగా. సరదాకి నేర్చుకుంటే నేర్చుకున్నావు, ఆఖరి ముక్క మాత్రం చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నా. చదువుకోమని అంత దూరం పంపితే, అక్కడికెళ్ళి కూడా సూదే పట్టుకున్నావు. ఏం చెయ్యను నిన్ను?"

ఆఖరి మాటకొచ్చేసరికి అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాన్న వచ్చి అమ్మ వెనక నిలబడ్డాడు. ఆ నడవాలో, ఇనప అరల మధ్య, బుల్లికి ఇల్లు చాలా దగ్గరగా అనిపించింది.

"సరే, ఏడుపులు తర్వాత" అని అమ్మే తేరుకుంది. "నీ కుట్టుకి కాకికాలు లేకపోతేనేం? నీ పొరపాటే నీ గుర్తు. నీది పుర్రచెయ్యి. అందరూ ఎడమనుంచి మొదలుపెడితే నువ్వు కుడినుంచి మొదలుపెడతావు. మలుపు తిరిగేటప్పుడు ఒక పోగు దాటాల్సింది రెండు దాటేస్తావు. ఎన్నిసార్లు మొట్టికాయ వేశాను? మానావా?"

"మానేశాననుకున్నా."

"మానలేదు. నాకు తెలుసు. పైకి అణిగిపోతుంది, వెనక మాత్రం జంట పోగు తేలుతుంది. దీపం పైనుంచి కాదు, పక్కనుంచి పెట్టి చూడు."

"వెనక అస్తరు ఉందమ్మా."

"ఉంటే విప్పమను."

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఈ మాట తెరలోంచి రాలేదు. భూతద్దం మేడమ్ నడవా చివర నిలబడి ఉంది. బుల్లి గబుక్కున లేచి, "మా అమ్మ మేడమ్" అంది.

మేడమ్ దగ్గరికొచ్చి తెరలోకి చూసింది. అమ్మ జుట్టు సర్దుకుంది. నాన్న చేతిలో ఇస్త్రీ చొక్కాతోనే అటెన్షన్‌లో నిలబడ్డాడు. అమ్మ ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది. "ఆవిడతో చెప్పు. పిల్ల తప్పు చేస్తే రెండు మొట్టమను, నాలుగు తిట్టమను, నేనేమీ అనుకోను. పంపెయ్యొద్దని మాత్రం చెప్పు. రాత్రీ పగలూ అక్కడి ముచ్చట్లే చెబుతోంది, అది అక్కడ ఎంత సంతోషంగా ఉందో నాకు తెలుసు. ఆ సంతోషం తీసెయ్యొద్దని చెప్పు."

బుల్లి మేడమ్ వైపు తిరిగింది. "మా అమ్మ మీకు నమస్కారం చెబుతోంది."

"అంత పొడుగు మాటకి ఒక్క నమస్కారమేనా?" అంది మేడమ్.

బుల్లికి ఇక దాచడం చేతకాలేదు. అమ్మ అన్నదీ చెప్పింది, జంట పోగు సంగతీ చెప్పింది, కాకికాలు సంగతి కూడా చెప్పింది. కాకికాలు దగ్గరికొచ్చేసరికి మేడమ్ ఆపి, మళ్ళీ చెప్పించుకుంది. పైకి కనపడదు, వెనక గుర్తుంటుంది, అక్కడ పట్టుకుంటే విడిపోతుంది.

"అంటే మీ అమ్మగారు ఒక్క పాఠం దాచుకున్నారు" అంది మేడమ్. "నేను ఇక్కడ మొదటిరోజు చెప్పేది అదే పాఠం." అని, గదివైపు నడుస్తూ, "ఫోన్ కూడా తీసుకురా" అంది. ఆ గదిలోకి ఫోన్ వెళ్ళడం అదే మొదటిసారి.

అస్తరు ఒక పక్క విప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. దాన్ని కుట్టిన మనిషెవరో, శాలువా ఇటుక రంగైతే దారం తెల్లది వాడి, పెద్ద పెద్ద కుట్లు వేసింది. ఏది కొయ్యాలో, ఏది కొయ్యకూడదో చంటిపిల్లకి కూడా తెలుస్తుంది. మేడమ్ కోసిన ఒక్కో తెల్లదారాన్నీ బుల్లి ముందు పెట్టింది, అంతే. బుల్లికి ఇంకో పాఠం అక్కర్లేకపోయింది.

పొడుగమ్మాయి దీపాన్ని బల్ల ఎత్తుకి దించి పట్టుకుంది. వెలుగు శాలువా వెనక అడ్డంగా పాకింది. ఫోన్ గాజు సీసాకి ఆనించి ఉంది. అందులోంచి అమ్మా నాన్నా తలలు దగ్గరగా పెట్టి చూస్తున్నారు.

"కుడివైపు కిందనుంచి చూడు" అంది అమ్మ.

బుల్లి చూసింది. ఏమీ లేదు. దీపం కాస్త జరిపించి మళ్ళీ చూసింది. అప్పుడు కనపడింది. రెండు పోగులు కలిసి, మిగతావాటికంటే వెంట్రుకవాసి పైకి తేలి ఉన్నాయి. దాని పైన మరో జంట. దాని పైన ఇంకోటి. మెట్లలా వరసగా, చిన్నప్పట్నుంచీ మొట్టికాయలు తిన్న తప్పంతా అక్కడుంది.

"మానలేదు!" అని అరిచింది బుల్లి. "అమ్మా, నేను మానలేదు!"

"చెప్పానా!" అని అమ్మ కూడా అరిచింది. బుల్లి తప్పుకి అమ్మ అంత సంతోషపడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత గదిలో ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చలేదు. జంట పోగు దగ్గర సూదిమొన దూర్చి, పుర్రచేత్తోనే, వేసిన దారిలోనే వెనక్కి వచ్చింది బుల్లి. ఒక్కో పోగూ విడివడి చేతిలోకి వచ్చింది. మేడమ్ వాటిని కవర్లో పెట్టి, మీద తేదీ వేసింది. చివరి పోగు వచ్చాక మేడమ్ భూతద్దంతో చుట్టూ పరికించి తల ఊపింది. పాత పోగు ఒక్కటీ తెగలేదు. మళ్ళీ గోరంత చిల్లు నిన్నటిలాగే బయటపడింది. చిల్లు చూసి ఇంత ఆనందపడిన మనుషులు ఆ భవనంలోనే ఉండరు.

"ఇప్పుడు కుట్టు" అంది మేడమ్. "కాస్త లేత రంగు దారం తీసుకో. దగ్గరికొచ్చి చూసేవాళ్ళకి నువ్వు కనపడాలి."

"అమ్మా, కాకికాలు వెయ్యనా?"

నాన్న అమ్మని మోచేత్తో పొడిచాడు. "ఐదు వేళ్ళు" అంది అమ్మ చివరికి. "గట్టిగా లాగకు. ఐదోది కొంచెం పొడుగు పెట్టు, అందంగా ఉంటుంది."

బుల్లి ఆ మాటకి కళ్ళు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కించింది. ఈ పని తనది. ఈ గదిలో తనకి చోటుంది. వెనక్కి పంపరు. ఇంటికి వెళ్ళే రోజు వస్తే, తనే వెళ్తుంది.

చిల్లు దీపం ముందుకి రావాలని శాలువాని మెల్లగా పక్కకి జరిపారు. అస్తరు ఇంకాస్త తొలగింది. పక్కనుంచి పడుతున్న వెలుగు, ఇంతవరకూ ఎవరూ చూడని మూలకి పాకింది. బుల్లి సూది గుచ్చబోయి ఆగిపోయింది.

ఆ మూల ఇంకో రఫూ ఉంది. చాలా పాతది. పైవైపునుంచి మేడమ్ భూతద్దానికి ఇన్నాళ్ళూ దొరకనంత మంచి రఫూ. అది ముగిసిన చోట, నువ్వుగింజంత, ఒక కాకికాలు ఉంది.

బుల్లి మొహం దగ్గరగా పెట్టి చూసింది. పొడుగమ్మాయి చేతిలో దీపం తనే సర్ది మళ్ళీ చూసింది. ఒక కాలు. రెండు వేళ్ళు.

అమ్మది నాలుగు. అమ్మమ్మది మూడు.

"అమ్మా" అంది బుల్లి. "అమ్మమ్మకి ఎవరు నేర్పారు?"

"ఏమో, చెప్పేది కాదు. అడిగితే మాట తప్పించేది. చిన్నప్పుడు ఎవరో పెద్దావిడ దగ్గర ఉండేదాన్నని ఒక్కసారి అంది, అంతే. ఏం?"

బుల్లి ఫోన్ తీసి, ఆ మూల మీదికి వంచి పట్టుకుంది. అమ్మ మొహం తెరకి ఎంత దగ్గరగా వచ్చిందంటే కళ్ళు మాత్రమే కనపడ్డాయి.

"బుల్లీ" అంది అమ్మ. "ఈ శాలువా అక్కడికి ఎవరింటినుంచి వచ్చిందో మీ మేడమ్‌ని అడుగు."

బుల్లి అడిగింది.

భూతద్దం మేడమ్ ఆ రెండు వేళ్ళ కాకికాలు వైపే చూస్తూ, మెడలో నల్లతాడు తలమీదుగా తీసి, భూతద్దం బల్లమీద పెట్టింది. కుర్చీ లాక్కుని బుల్లి పక్కన కూర్చుంది.

"మా ఇంటినుంచే" అంది.